ఎస్క్యూలైట్‌లో మెమరీ డేటాబేస్, డిస్క్ డేటాబేస్ రెండూ కలిపి వాడటం ఎలా?

"మెమరీలో పెడితే స్పీడ్ వస్తుందట, కానీ కరెంటు పోతే డేటా గల్లంతేగా? మరి రెండూ కలిపి వాడలేమా?" ఎస్క్యూలైట్ (మొత్తం డేటాను ఒకే ఫైలులో దాచే చిన్న డేటాబేస్) నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వాడొచ్చు. ఒకే కనెక్షన్‌లో డిస్క్ మీది ఫైలునూ, మెమరీలోని డేటాబేస్‌నూ పక్కపక్కన పెట్టి, రెండింటి టేబుల్స్‌నీ ఒకే క్వెరీలో జాయిన్ చేయొచ్చు. దాన్ని డేటా పోకుండా ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు ఒక్క నియమం పెట్టుకోండి. డిస్క్ ఫైలు మీ ఖాతా పుస్తకం, మెమరీ మీ పలక. పలక మీద లెక్క వేసుకుంటాం, తేలాక పుస్తకంలో రాస్తాం, పలక చెరిపేస్తాం. అంటే పోయినా మళ్ళీ తయారుచేసుకోగలిగిందే మెమరీలో ఉండాలి. ఇవాళ్టి బిల్లులు, జమలు, మరెక్కడా కాపీ లేని ఎంట్రీలు ఒక్క నిమిషం కూడా మెమరీలో మాత్రమే ఉండకూడదు. కింది అడుగులన్నీ ఈ నియమం మీదే నడుస్తాయి.

ఉదాహరణకు ఒక కిరాణా హోల్‌సేల్ షాపు అనుకుందాం. షాపు సరుకుల లెక్క డిస్క్ మీద ఒక ఫైలులో, పేరు, ప్యాకింగ్, ధర, నిల్వ ఉండే సరుకులు అనే టేబుల్‌లో ఉంది. రోజూ పొద్దున్నే డీలర్ దగ్గర్నుంచి రేట్ల పట్టీ ఒక సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలు) వస్తుంది. అందులో కామాలు, ఖాళీలు, రెండుసార్లు రాసిన పేర్లు అన్నీ ఉంటాయి. దాన్ని మెమరీలో శుభ్రం చేసి, సరిచూసి, ఒక్కసారిగా డిస్క్ ఫైలులోకి ఎక్కించాలి. మెమరీ డేటాబేస్‌కి ఇంతకంటే సరైన పని నాకు తెలియదు.

కమాండ్స్ గురించి ఒక మాట. ఇక్కడ అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. సెలెక్ట్, అటాచ్, మెయిన్ లాంటి ఎస్క్యూలైట్ సొంత మాటలను మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు మాత్రం తెలుగులో ఉండొచ్చు. ఎస్క్యూలైట్ వాటిని కోట్స్ లేకుండానే ఒప్పుకుంటుంది.

అసలు మీకు ఇది అవసరమా?

చాలామందికి అవసరం ఉండదు. "ఎస్క్యూలైట్ స్లోగా ఉంది" అని వచ్చినవాళ్ళ కోడ్ చూస్తే, ఎక్కువసార్లు ఒక్కో ఇన్సర్ట్ ఒక్కో ట్రాన్సాక్షన్‌గా వెళ్తూ ఉంటుంది. ట్రాన్సాక్షన్ అంటే అన్నీ పడాలి, లేదంటే ఏదీ పడకూడదు అనే మార్పుల కట్ట. దాన్ని ఖాయం చేసేది కమిట్. మామూలు డెస్క్‌టాప్ మీద సెకనుకు 50,000 ఇన్సర్టులైనా సులువుగా చేయగలమనీ, ట్రాన్సాక్షన్లు మాత్రం తిరిగే హార్డ్ డిస్క్ మీద సెకనుకు కొన్ని డజన్లే అవుతాయనీ ఎస్క్యూలైట్ వాళ్ళే రాశారు. ప్రతి కమిట్‌కీ డేటా నిజంగా డిస్క్ మీదికి చేరిందని ఖాయం చేసుకోవాలి కాబట్టి అంత ఆలస్యం. అందుకని ముందు మీ ఇన్సర్టులన్నిటికీ మొదట బిగిన్, చివర కమిట్ పెట్టి చూడండి.

రెండో సంగతి, డిస్క్ డేటాబేస్ కూడా కొంత మెమరీలోనే నడుస్తుంది. దాని క్యాష్ (డిస్క్ నుంచి చదివినదాన్ని ఉంచుకునే చోటు) మామూలుగా సుమారు 2 ఎంబీ. మీ ఫైలు 50 ఎంబీ ఉండి, చదవడమే ఎక్కువైతే ఇలా పెంచండి:

ప్రాగ్మా క్యాష్_సైజ్ = -64000;

మైనస్ గుర్తు ఉంటే ఆ అంకె కేబీల్లో అని అర్థం, అంటే ఇది సుమారు 64 ఎంబీ. మైనస్ మరిచిపోతే అది పేజీల (ఎస్క్యూలైట్ ఫైలును విభజించే సమాన ముక్కల) లెక్క అవుతుంది. ఈ రెండూ చేశాక పని సాఫీగా సాగితే ఇక్కడే ఆపేయొచ్చు. తాత్కాలిక లెక్కలు, పట్టీల శుభ్రత, ఒకే డేటా మీద వందల క్వెరీల రిపోర్టులు ఉంటే ముందుకు పదండి.

కావలసినవి

ఎస్క్యూలైట్ వెర్షన్ 3.37 గానీ ఆ పైది గానీ. సెలెక్ట్ ఎస్క్యూలైట్_వెర్షన్(); అని కొడితే తెలిసిపోతుంది. పాతదైతే ఏ అడుగు దగ్గర ఇబ్బందో అక్కడే చెబుతాను. ఎస్క్యూలైట్ కమాండ్ షెల్, లేదా పైథాన్ 3.7 ఆ పైది. మీ డిస్క్ ఫైలుకు ఒక తాజా కాపీ. ఈ మూడు చాలు, సర్వర్ ఏమీ అక్కర్లేదు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన మొదటి వెర్షన్ నుంచీ ఎస్క్యూలైట్ మీ ప్రోగ్రామ్ లోపలే నడుస్తోంది.

1. ముందు కాపీ తీయండి

వాక్యూమ్ ఇంటూ 'షాపు-కాపీ.డీబీ';

ఇది 2019లో వచ్చిన 3.27 నుంచి పనిచేస్తుంది. ఆ పేరుతో ఇప్పటికే డేటా ఉన్న ఫైలుంటే ఎర్రర్ ఇస్తుంది. అది మన మంచికే, పాత కాపీ మీద రాసేయదు. పాత వెర్షన్ అయితే షెల్‌లోని డాట్ బ్యాకప్ వాడండి.

ప్రోగ్రామ్ నడుస్తుండగా ఫైల్ మేనేజర్‌లో కాపీ-పేస్ట్ చేయకండి. వాల్ మోడ్‌లో (మార్పులను ముందు వేరే ఫైలులో రాసుకునే పద్ధతి) ఉన్న డేటాబేస్ అయితే తాజా మార్పులు పక్కనున్న వాల్ ఫైలులో ఉండొచ్చు. అసలు ఫైలొక్కటే కాపీ చేస్తే అవి రావు.

2. డిస్క్ ఫైలునే మెయిన్‌గా తెరవండి

కనెక్షన్ తెరిచేటప్పుడు ఇచ్చే డేటాబేస్‌కి ఎస్క్యూలైట్ మెయిన్ అని పేరు పెడుతుంది. కొందరు మెమరీని మెయిన్‌గా తెరిచి డిస్క్ ఫైలును తర్వాత తగిలిస్తారు. అలా వద్దంటాను. ఎప్పుడో ఒకసారి క్రియేట్ టేబుల్ ముందు డేటాబేస్ పేరు రాయడం మరిచిపోతారు. అప్పుడు ఆ టేబుల్ మెయిన్‌లో పడుతుంది. మెయిన్ మెమరీ అయితే ప్రోగ్రామ్ మూయగానే అది చడీచప్పుడు లేకుండా మాయమైపోతుంది, ఎర్రర్ కూడా రాదు. మెయిన్ డిస్క్ ఫైలైతే ఒక పనికిరాని టేబుల్ ఫైలులో మిగులుతుంది. దాన్ని చూసి తీసేయొచ్చు.

ఇంకో కారణం రేపు రెండు డిస్క్ ఫైళ్ళు కలిపినప్పుడు కనిపిస్తుంది. మామూలు జర్నల్ మోడ్‌లో (మార్చే ముందు పాత పేజీలను పక్కన దాచుకునే పద్ధతి), మెయిన్ డిస్క్ ఫైలై ఉంటే, రెండు ఫైళ్ళలోని మార్పులు కలిసే కమిట్ అవుతాయి. మెయిన్ మెమరీ అయినా, ఫైళ్ళు వాల్ మోడ్‌లో ఉన్నా ఆ హామీ ఉండదు. కమిట్ మధ్యలో మెషిన్ ఆగిపోతే ఒక ఫైలులో మార్పు పడి, రెండోదాంట్లో పడకపోవచ్చు. ఏ ఫైలుకా ఫైలు మాత్రం చెడిపోదు.

3. మెమరీ డేటాబేస్‌ను తగిలించండి

అటాచ్ డేటాబేస్ ':మెమరీ:' యాజ్ పలక;

ఇక మెమరీ డేటాబేస్ పేరు పలక. ఆ రెండు కోలన్లూ ఉండి తీరాలి. ఆ మాట ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉండాలి. కోలన్ ఒక్కటి పోయినా ఎస్క్యూలైట్ కోప్పడదు. ఆ పేరుతో డిస్క్ మీద ఒక కొత్త ఫైలు తెరిచి పని కానిస్తుంది. అన్నీ బాగానే నడుస్తున్నట్టుంటుంది, స్పీడ్ మాత్రం రాదు. రేపు పొద్దున నిన్నటి పట్టీ ఇంకా అందులోనే కూర్చుని ఉంటుంది. మీ ఫోల్డర్‌లో మెమరీ అనే పేరుతో వింత ఫైలు కనిపిస్తే సంగతి ఇదే.

సరిచూసుకోవడం సులువు:

ప్రాగ్మా డేటాబేస్_లిస్ట్;

మెయిన్ వరసలో మీ ఫైలు పూర్తి దారి కనిపించాలి. పలక వరసలో ఫైలు గడి ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదంటే అది మెమరీ కాదు. నేను ప్రతి ప్రోగ్రామ్‌లోనూ అటాచ్ చేసిన వెంటనే ఈ పరీక్ష కోడ్‌లోనే పెడతాను.

ఇలా తగిలించగలిగే డేటాబేస్‌ల సంఖ్య మామూలుగా 10. మన పనికి ఒకటి చాలు.

4. పలక మీద టేబుల్స్ వేయండి

రెండు టేబుల్స్ కావాలి. వచ్చింది వచ్చినట్టు దించుకోవడానికి ఒకటి, శుభ్రం చేశాక పెట్టుకోవడానికి ఒకటి.

క్రియేట్ టేబుల్ పలక.పట్టీ (పేరు టెక్స్ట్, ప్యాకింగ్ టెక్స్ట్, ధర టెక్స్ట్);

క్రియేట్ టేబుల్ పలక.శుద్ధం (పోలిక టెక్స్ట్, ప్యాకింగ్ టెక్స్ట్, పేరు టెక్స్ట్, ధర ఇంటీజర్, ప్రైమరీ కీ (పోలిక, ప్యాకింగ్)) స్ట్రిక్ట్;

స్ట్రిక్ట్ అనేది 3.37లో వచ్చింది. అది ఉంటే ఇంటీజర్ కాలమ్‌లో అక్షరాలు పడవు. పాత వెర్షన్ అయితే ఆ మాట తీసేయండి, 6వ అడుగులోని పరీక్షలు మరింత జాగ్రత్తగా చేయండి. ధరను పైసల్లో, పూర్ణాంకంగా పెట్టాను. డబ్బును దశాంశాల్లో పెడితే రెండు ధరలు సమానమా కాదా అని పోల్చేటప్పుడు తలనొప్పి తప్పదు.

ఇక్కడ చాలామంది క్రియేట్ టేబుల్ యాజ్ సెలెక్ట్ అని ఒక్క లైనులో డిస్క్ టేబుల్‌ను మెమరీలోకి లాగేస్తారు. అది డేటాను తెస్తుంది కానీ ప్రైమరీ కీ, యూనిక్ నియమాలు, ఇండెక్సులు, డీఫాల్ట్ విలువలు ఏవీ తేదు. "మెమరీలో పెట్టినా స్లోగానే ఉంది, పైగా డూప్లికేట్స్ వస్తున్నాయి" అని ఎవరన్నా అంటే నేను ముందు అడిగేది దీని గురించే.

ఇండెక్స్ వేయాలనుకుంటే డేటాబేస్ పేరు ఇండెక్స్ పేరు ముందు రావాలి, టేబుల్ పేరు ముందు కాదు:

క్రియేట్ ఇండెక్స్ పలక.పట్టీ_సూచి ఆన్ పట్టీ (పేరు);

ఆన్ పలక.పట్టీ అని రాస్తే చుక్క దగ్గర సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అలవాటయ్యేదాకా ఇది అందరినీ పట్టుకుంటుంది.

మెమరీ టేబుల్‌కి డిస్క్ టేబుల్‌లోనిదే పేరు పెట్టకండి. డేటాబేస్ పేరు లేకుండా సరుకులు అని రాస్తే ఎస్క్యూలైట్ ముందు టెంప్‌లో (తాత్కాలిక టేబుల్స్ ఉండే చోటు), తర్వాత మెయిన్‌లో, ఆ తర్వాతే తగిలించినవాటిలో వెతుకుతుంది. పలక చెరుపుదామని డిలీట్ ఫ్రమ్ సరుకులు అని కొడితే చెరిగేది పుస్తకమే. పేర్లు వేరుగా ఉంటే ఆ ప్రమాదం దగ్గరికే రాదు. అయినా ప్రతి చోటా మెయిన్., పలక. అని ముందు రాయడం అలవాటు చేసుకోండి.

5. పట్టీని దించండి

షెల్‌లో అయితే డాట్ ఇంపోర్ట్. కొత్త షెల్స్‌లో సీఎస్‌వీ, స్కిప్, స్కీమా అనే ఆప్షన్లు ఉన్నాయి. స్కీమాకి పలక అని, స్కిప్‌కి 1 అని ఇవ్వండి. టేబుల్ ముందే ఉన్నప్పుడు ఇంపోర్ట్ మొదటి వరసను కూడా డేటాగానే తీసుకుంటుంది. స్కిప్ ఇవ్వకపోతే "పేరు, ప్యాకింగ్, ధర" అన్న హెడింగ్ కూడా ఒక సరుకై కూర్చుంటుంది. మీ షెల్‌లో ఈ ఆప్షన్లు లేకపోతే పైథాన్‌లో సీఎస్‌వీ మాడ్యూల్‌తో చదివి, ఎగ్జిక్యూట్‌మెనీతో పలక.పట్టీలోకి ఎక్కించండి.

దించగానే లెక్క చూడండి. సీఎస్‌వీలో ఎన్ని వరసలున్నాయో, అందులోంచి హెడింగ్ ఒకటి తీసేస్తే, సెలెక్ట్ కౌంట్(*) ఫ్రమ్ పలక.పట్టీ అంతే చెప్పాలి. ఏదైనా గడిలో ఎంటర్ కొట్టిన పేరుంటే నోట్‌ప్యాడ్‌లో కనిపించే లైన్ల లెక్కకూ దీనికీ తేడా వస్తుంది. అలాంటప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి వరసలు లెక్కపెట్టండి.

6. శుభ్రం చేయండి

ఎక్కువ టైమ్ పట్టేది ఇక్కడే. తొందరపడొద్దు. పలక మీదే ఉన్నాం, ఎన్నిసార్లు చెరిపి రాసినా పోయేదేమీ లేదు.

ముందు ధరలు. పదిహేను కిలోల నూనె డబ్బా ధర పట్టీలో 2,150 అని కామాతో వస్తుంది. ఎస్క్యూలైట్‌కి అది అంకె కాదు, అక్షరాల వరస. దాన్నలాగే సంఖ్యగా మారిస్తే కామా దగ్గర ఆగిపోయి 2 అవుతుంది. రూపాయి గుర్తుతో మొదలైతే 0 అవుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. కాబట్టి మార్చే ముందే వింత ధరలన్నీ బయటికి తీయండి:

సెలెక్ట్ * ఫ్రమ్ పలక.పట్టీ వేర్ రీప్లేస్(ట్రిమ్(ధర), ',', '') గ్లోబ్ '*[^0-9.]*' ఆర్ ట్రిమ్(ధర) = '' ఆర్ ధర ఈజ్ నల్;

కామాలు తీసేశాక కూడా అంకె, చుక్క కాకుండా ఇంకేదైనా ఉన్న వరసలూ, ఖాళీ వరసలూ కనిపిస్తాయి. "2150/-", "అడగాలి", "స్టాక్ లేదు" లాంటివన్నీ ఇందులో పడతాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసి సరిదిద్దండి, లేదా తీసేయండి.

తర్వాత పేర్లు. తెలుగులో సరుకుల పేర్లు పెట్టుకున్నవాళ్ళకి ఒక కనిపించని చిక్కుంది. మొదటిసారి ఎదురైనప్పుడు నాకు దాదాపు ఒక పూట పట్టింది. పట్టీలో పామాయిల్ ఉంది, షాపు టేబుల్‌లోనూ పామాయిల్ ఉంది. జాయిన్ చేస్తే కలవడం లేదు. స్క్రీన్ మీద రెంటికీ వెంట్రుకవాసి తేడా లేదు. చివరికి లెంగ్త్ కొట్టి చూస్తే ఒకదానికి 8, రెండోదానికి 9 వచ్చింది. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో పొల్లు తర్వాత కనిపించని ఒక యూనికోడ్ అక్షరం చేరుతుంది. పొల్లక్షరం తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా ఆపేది అదే. దాని సంఖ్య 8204. పదం చివర ఉన్నప్పుడు అది కంటికి కనిపించదు, కానీ ఎస్క్యూలైట్ బైట్లు పోలుస్తుంది కాబట్టి దానికి అవి రెండు వేరు పేర్లు.

అందుకే శుద్ధం టేబుల్‌లో పోలిక అని వేరే కాలమ్ పెట్టాను. పోల్చడానికి మాత్రమే వాడే పేరది:

రీప్లేస్(ట్రిమ్(పేరు, ' ' || క్యార్(160)), క్యార్(8204), '')

160 అనేది వెబ్ పేజీల నుంచి, స్ప్రెడ్‌షీట్ల నుంచి వచ్చే మరో రకం ఖాళీ. మామూలు ట్రిమ్ దాన్ని తీయదు. అసలు పేరు కాలమ్‌లోంచి మాత్రం 8204ను తీయకండి. సన్‌ఫ్లవర్ లాంటి పేర్లలో అది మధ్యలో అవసరం, తీస్తే బిల్లు మీద అక్షరాలు ఒత్తుగా మారిపోయి చదవడానికి రాదు. షాపు టేబుల్‌లో కూడా పోలిక కాలమ్ ఇదే సూత్రంతో నింపి ఉండాలి. ఒకవైపే చేస్తే చేయనట్టే.

ఇప్పుడు డూప్లికేట్స్. పోలిక, ప్యాకింగ్ రెండూ ఒకటై, ధర వేరుగా ఉన్న వరసల్ని గ్రూప్ బై, హ్యావింగ్‌తో తీయండి. ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్ పెట్టి దాటేయాలనిపిస్తుంది, వద్దు. ఏ ధర నిలుస్తుందో మీ చేతిలో ఉండదు. డీలర్‌కి ఒక ఫోన్ చేస్తే తేలిపోయే సంగతది.

అంతా అయ్యాక శుద్ధంలోకి ఎక్కించండి. ధర దగ్గర కామాలు తీసి, రియల్‌గా క్యాస్ట్ చేసి, 100తో గుణించి, రౌండ్ చేసి, ఇంటీజర్‌గా క్యాస్ట్ చేయాలి. రౌండ్ మరిచిపోతే ఒక్కోసారి ఒక పైసా తగ్గుతుంది.

7. డిస్క్‌తో కలిపి చూడండి

రాసే ముందు ఏం మారబోతోందో చూడటమే రెండు డేటాబేస్‌లు ఒకే కనెక్షన్‌లో ఉన్నందుకు మీకు దక్కే అసలు లాభం.

సెలెక్ట్ స.పేరు, స.ధర, శ.ధర ఫ్రమ్ మెయిన్.సరుకులు స జాయిన్ పలక.శుద్ధం శ యూజింగ్ (పోలిక, ప్యాకింగ్) వేర్ స.ధర <> శ.ధర;

పాత ధర, కొత్త ధర పక్కపక్కన వస్తాయి. ఎక్కడైనా ధర పదింతలో, వందో వంతో అయిందంటే రూపాయలు-పైసల దగ్గర పొరపాటు జరిగిందన్నమాట. ఆరో అడుగుకి వెనక్కి వెళ్ళండి.

ఈ క్వెరీని వ్యూగా దాచుకోవాలంటే క్రియేట్ టెంప్ వ్యూ అనాలి. మామూలు వ్యూ తన డేటాబేస్ దాటి చూడలేదు. ట్రిగ్గర్లూ (మార్పు జరగగానే వాటంతటవే నడిచే కమాండ్లు) అంతే, టెంప్ ట్రిగ్గర్ మాత్రమే వేరే డేటాబేస్ టేబుల్‌ను ముట్టుకోగలదు. ఫారిన్ కీలైతే (ఒక టేబుల్‌లోని విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలనే నియమాలు) ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి అసలు పనిచేయవు. మెమరీలో ఉన్న సరుకు డిస్క్ టేబుల్‌లో ఉందో లేదో మీరే క్వెరీతో చూసుకోవాలి.

8. ఒకే ట్రాన్సాక్షన్‌లో డిస్క్‌కి ఎక్కించండి

బిగిన్ ఇమ్మీడియట్;

ఇన్సర్ట్ ఇంటూ మెయిన్.సరుకులు (పోలిక, ప్యాకింగ్, పేరు, ధర) సెలెక్ట్ పోలిక, ప్యాకింగ్, పేరు, ధర ఫ్రమ్ పలక.శుద్ధం వేర్ ట్రూ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ (పోలిక, ప్యాకింగ్) డూ అప్‌డేట్ సెట్ ధర = ఎక్స్‌క్లూడెడ్.ధర;

వేర్ ట్రూ చూసి ఇదెందుకని తీసేయకండి. అది లేకపోతే ఆన్ అనే మాటను ఎస్క్యూలైట్ జాయిన్‌కి చెందిందనుకుని సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. ఈ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ పద్ధతి 2018లో వచ్చిన 3.24 నుంచి ఉంది. డిస్క్ టేబుల్‌లో పోలిక, ప్యాకింగ్ రెండింటి మీద యూనిక్ నియమం ఉంటేనే నడుస్తుంది.

చేతికి దగ్గరగా ఉందని ఇన్సర్ట్ ఆర్ రీప్లేస్ వాడకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. రీప్లేస్ అంటే ఉన్న వరసను మార్చడం కాదు, దాన్ని తీసేసి కొత్తది పెట్టడం. పట్టీలో నిల్వ కాలమ్ లేదు. రీప్లేస్ చేసిన ప్రతి సరుకు నిల్వా డీఫాల్ట్ విలువకు, అది లేకపోతే నల్‌కు వెళ్ళిపోతుంది. ధరలన్నీ సరిగ్గా ఉంటాయి, గోడౌన్ మాత్రం కాగితం మీద ఖాళీ అవుతుంది.

9. కమిట్‌కి ముందే సరిచూడండి

ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంది. ఇప్పుడు:

సెలెక్ట్ పోలిక, ప్యాకింగ్, ధర ఫ్రమ్ పలక.శుద్ధం ఎక్సెప్ట్ సెలెక్ట్ పోలిక, ప్యాకింగ్, ధర ఫ్రమ్ మెయిన్.సరుకులు;

ఒక్క వరస కూడా రాకూడదు. వస్తే ఆ సరుకు ధర డిస్క్‌కి చేరలేదని అర్థం. తర్వాత నిల్వ మొత్తం చూడండి. సమ్(నిల్వ) ట్రాన్సాక్షన్‌కి ముందు ఎంతుందో ఒక కాగితం మీద రాసుకుని ఉంటే, ఇప్పుడూ అంతే రావాలి. రెండూ సరిపోతే కమిట్. ఏది తేడా వచ్చినా రోల్‌బ్యాక్, డిస్క్ ఫైలు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది. రోల్‌బ్యాక్ ఆ ట్రాన్సాక్షన్‌లో పలక మీద చేసిన మార్పుల్ని కూడా వెనక్కి తీస్తుంది. అంతకు ముందు కమిట్ అయిన శుద్ధం మాత్రం పలక మీద అలాగే ఉంటుంది, మళ్ళీ దించనక్కర్లేదు.

పైథాన్‌లో మామూలు సెట్టింగ్‌తో పనిచేసేవాళ్ళు కమిట్ పిలవడం మరిచిపోకండి. అదే కనెక్షన్‌లో చూస్తే మార్పులు పడినట్టే కనిపిస్తాయి. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే ఉండవు. నిజంగా చేరిందో లేదో తేలాలంటే వేరే టెర్మినల్‌లో ఫైలు తెరిచి నాలుగు ధరలు చూడండి.

10. పలక తీసేయండి

డిటాచ్ డేటాబేస్ పలక;

పలక లాక్ అయి ఉందని ఎర్రర్ వస్తే ఎక్కడో ఒక సెలెక్ట్ సగంలో ఆగి ఉంది, లేదా ట్రాన్సాక్షన్ మూయలేదు. పైథాన్‌లో ఫెచ్‌వన్ చేసి వదిలేసిన కర్సర్ ఉంటే మూసేయండి. డిటాచ్ కాగానే మెమరీలోని డేటా పోతుంది, అడగడం ఏమీ ఉండదు.

మొత్తం ఫైలునే మెమరీలో పెట్టుకోవాలంటే

పెద్ద రిపోర్టులకు ఇది బాగుంటుంది. పైథాన్‌లో డిస్క్ కనెక్షన్, మెమరీ కనెక్షన్ విడివిడిగా తెరిచి బ్యాకప్ మెథడ్ వాడండి. టేబుల్స్, ఇండెక్సులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. పేజీలు నేరుగా కాపీ అవుతాయి కాబట్టి ఇన్సర్టులకంటే చాలా వేగం.

దిశ విషయంలో మాత్రం ప్రాణం పెట్టి జాగ్రత్తపడండి. బ్యాకప్ గమ్యంలో ఉన్నదంతా తుడిచి మూలంలోది రాస్తుంది. పైథాన్‌లో ఎవరి బ్యాకప్ మెథడ్ పిలుస్తామో అదే మూలం, బ్రాకెట్లలో ఇచ్చేది గమ్యం. సీ భాషలోని బ్యాకప్_ఇనిట్‌లో గమ్యమే ముందు వస్తుంది. నేను సీ కోడ్ చాలాకాలం రాసి పైథాన్‌కి వచ్చిన కొత్తలో, ఒక షాపు ఫైలు మీద ఈ రెండూ తారుమారు చేశాను. ఖాళీ మెమరీ వెళ్ళి నిండు ఫైలు మీద పడింది. పదుల ఎంబీల ఫైలు కొన్ని కేబీలకి దిగిపోయింది. ముందు రాత్రి తీసిన కాపీ ఉండబట్టి బతికాం. ఆ రోజు బిల్లులు మాత్రం బిల్లు పుస్తకం చూసి, షాపు కుర్రాడూ నేనూ రాత్రి పదింటిదాకా కూర్చుని కొట్టాం. అప్పట్నుంచి డిస్క్ ఫైలు చదవడానికే అయితే రీడ్ ఓన్లీ మోడ్‌లో తెరుస్తున్నాను. మీరూ అలాగే తెరవండి. అప్పుడు దిశ తప్పినా ఎర్రర్ వస్తుంది తప్ప డేటా పోదు.

మెమరీలో మార్చినదాన్ని డిస్క్‌కి దాచాలంటే పాత ఫైలు మీద రాయకండి. వాక్యూమ్ ఇంటూతో కొత్త పేరుకి రాసి, దాన్ని తెరిచి ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్ కొట్టి, ఓకే అని వచ్చాకే పేర్లు మార్చండి.

చిన్న లెక్కలకి టెంప్ టేబుల్ చాలు

అటాచ్ దాకా వెళ్ళక్కర్లేని పనులకు ప్రాగ్మా టెంప్_స్టోర్ = మెమరీ; అని పెట్టి, క్రియేట్ టెంప్ టేబుల్ వాడండి. ఈ ప్రాగ్మాను కనెక్షన్ తెరిచిన వెంటనే ఇవ్వాలి. మధ్యలో మారిస్తే అప్పటిదాకా ఉన్న టెంప్ టేబుల్స్ అన్నీ పోతాయి.

"నో సచ్ టేబుల్" అని వస్తోందా?

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ప్రతి కొత్త కనెక్షన్‌కీ మెమరీ డేటాబేస్ కొత్తగా, ఖాళీగా పుడుతుంది. వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో కనెక్షన్ పూల్ (ముందే తెరిచి పెట్టుకున్న కనెక్షన్ల గుంపు) ఉంటే ఒక రిక్వెస్ట్ టేబుల్ వేస్తుంది, రెండో రిక్వెస్ట్ ఇంకో కనెక్షన్‌లో వెతుకుతుంది. ఈ పనికి ఒక్క కనెక్షన్‌నే వాడేలా చూడండి. తప్పనిసరిగా పంచుకోవాలంటే 3.36 నుంచి మెమ్‌డీబీ అనే వీఎఫ్ఎస్ (ఫైళ్ళతో పని చూసే ఎస్క్యూలైట్ లోపలి భాగం) ఉంది. యూఆర్ఐలో (ఫైల్: అని మొదలయ్యే డేటాబేస్ చిరునామా) వాలుగీతతో మొదలయ్యే పేరిస్తే ఒకే ప్రాసెస్‌లోని కనెక్షన్లన్నీ ఆ మెమరీని చూస్తాయి. చివరి కనెక్షన్ మూసుకున్నప్పుడు అది పోతుంది. షేర్డ్ క్యాష్ అనే పాత పద్ధతిని ఎస్క్యూలైట్ వాళ్ళే ఇప్పుడు వద్దంటున్నారు. అందులో టేబుల్ లాక్ అయితే బిజీ టైమ్ఔట్ కూడా ఆదుకోదు.

మెమరీ సరిపోతుందా అని టెన్షన్ ఉంటే

ప్రాగ్మా పలక.పేజ్_కౌంట్, ప్రాగ్మా పలక.పేజ్_సైజ్ రెండూ గుణించండి. పేజీ మామూలుగా 4096 బైట్లు. 1,00,000 పేజీలైతే సుమారు 400 ఎంబీ. అది మీ మెషిన్‌కి ఎక్కువ అనిపిస్తే, అటాచ్‌లో మెమరీ పేరు బదులు ఖాళీ కోట్స్ '' ఇవ్వండి. అది కూడా తాత్కాలిక డేటాబేసే, వీలైనంతవరకు మెమరీలోనే ఉంటుంది. పెరిగిపోతే డిస్క్ మీద ఒక తాత్కాలిక ఫైలులోకి పొంగి, కనెక్షన్ మూయగానే దానంతటదే పోతుంది. మిగతా అడుగుల్లో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.